లైనక్స్ లేవకపోతే ఫార్మాట్ కొట్టకండి: ఎల్‌వీఎం, గ్రబ్ ఉన్న సిస్టమ్‌ని దారికి తేవడం ఎలా

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ఒంగోలు వైపు వాయుగుండాల కాలం. కరెంటు పోతుంది, వస్తుంది, అంతలోనే మళ్లీ పోతుంది. రైస్‌మిల్లులో బిల్లింగ్ సర్వరో, చీమకుర్తి గ్రానైట్ యార్డులో కాటా దగ్గరి కంప్యూటరో, అల్లూరు వైపు రొయ్యల హేచరీలో రాత్రంతా నడిచే సిస్టమో, ఇన్వర్టర్ చేతులెత్తేయగానే ఠక్కున ఆగిపోతుంది. పొద్దున స్విచ్ వేస్తే నల్లటి తెర, దాని మీద నాలుగు తెల్లక్షరాలు. "హార్డ్‌డిస్క్ పోయింది, ఫార్మాట్ కొట్టాల్సిందే" అని పక్కనున్నవాళ్లు తీర్పు చెప్పేస్తారు. చాలాసార్లు డేటాకి ఏమీ అయి ఉండదు. దాని దాకా వెళ్లే దారిలో ఒక మెట్టు విరిగి ఉంటుంది, అంతే. ఆ మెట్టేదో తెర మీది ఆ నాలుగక్షరాలే చెప్తాయి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇక్కడ ఆజ్ఞలన్నీ పలికే తీరులో తెలుగులోనే ఉన్నాయి. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టాలి. స్లాష్, చుక్క, గీత, అంకెలు ఉన్నవి ఉన్నట్టే. ఉదాహరణకి "వీజీచేంజ్ -ఏవై" అంటే వీజీచేంజ్ ఒకే మాటగా, ఒక ఖాళీ, ఒక గీత, దాన్ని ఆనుకుని ఏ, వై. ఆజ్ఞలన్నీ రూట్ యూజర్‌గానే (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) ఇవ్వాలి. లైవ్ పెన్‌డ్రైవ్‌లో (లోపలి డిస్క్‌తో పని లేకుండా తన నుంచే లైనక్స్ లేపేది) ముందుగా "సుడో -ఐ" కొడితే ప్రతిసారీ సుడో పెట్టక్కర్లేదు.

మన ఉదాహరణ సిస్టమ్

ఎల్‌వీఎం అంటే డిస్క్ ముక్కల్ని కలిపి పంచుకునే పద్ధతి: కయ్యల మధ్య గట్లు తెగ్గొట్టి అంతా ఒకే మడి చేసుకుని, మళ్లీ మనకు కావలసిన కొలతల్లో కొత్త గట్లు వేసుకోవడం. పాత కయ్యలు ఫిజికల్ వాల్యూమ్‌లు, కలిపిన మడి వాల్యూమ్ గ్రూప్, కొత్త గట్ల మధ్యది లాజికల్ వాల్యూమ్.

ఒంగోల్ అని పేరు పెట్టిన సిస్టమ్‌లో డెబియన్ వేసి, గైడెడ్ ఎల్‌వీఎం ఎంచుకున్నారనుకుందాం. ఇన్‌స్టాలర్ ఇలా పంచుతుంది: ఎస్‌డీఏ1 ఈఎఫ్‌ఐ పార్టిషన్, ఎస్‌డీఏ2 బూట్ పార్టిషన్, ఎస్‌డీఏ3 మొత్తం ఫిజికల్ వాల్యూమ్. వాల్యూమ్ గ్రూప్ పేరు ఒంగోల్-వీజీ. అందులో రూట్ (సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండేది), స్వాప్_1 (మెమరీకి తోడు) అని రెండు లాజికల్ వాల్యూమ్‌లు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గ్రూప్ పేరులో ఒక గీత ఉంది కదా, మ్యాపర్ దారిలో అది రెండు గీతలవుతుంది:

/డెవ్/మ్యాపర్/ఒంగోల్--వీజీ-రూట్

గ్రూప్ పేరునీ వాల్యూమ్ పేరునీ విడదీసేది ఒంటి గీత. పేరులోపలి గీతని జంట గీతగా రాస్తేనే ఆ రెండూ కలగాపులగం కావు. ఉబుంటు సర్వర్‌లో అయితే ఉబుంటు--వీజీ-ఉబుంటు--ఎల్‌వీ అని కనిపిస్తుంది. బూట్ లైన్ చేత్తో కొట్టేటప్పుడు ఒక గీత తగ్గితే రూట్ దొరకలేదనే జవాబొస్తుంది. మీరేమో డిస్క్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

ముందు తెర చదవండి

మెట్ల వరస ఇది: ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోని బయోస్ లేదా యూఈఎఫ్‌ఐ) గ్రబ్‌ని, అంటే లైనక్స్‌ని ఎక్కించే చిన్న ప్రోగ్రామ్‌ని, లేపుతుంది. గ్రబ్ కెర్నల్‌నీ (లైనక్స్ గుండెకాయ), ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌నీ (అసలు రూట్ దొరికే దాకా నడిచే తాత్కాలిక చిన్న సిస్టమ్) మెమరీలోకి తెస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లోపలున్న చిన్న ఎల్‌వీఎం పనిముట్టు వాల్యూమ్ గ్రూప్‌ని లేపి రూట్‌ని మౌంట్ చేస్తుంది, అంటే ఫైళ్లు చదివేలా తగిలిస్తుంది. తర్వాత సిస్టమ్‌డీ (మిగతా సర్వీసులన్నీ మొదలుపెట్టేది) వచ్చి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసుండే ఫైల్) ఉన్న మిగతావన్నీ ఎక్కిస్తుంది.

తెర మీద "నో బూటబుల్ డివైస్" అని ఉంటే ఫర్మ్‌వేర్‌కి గ్రబ్బే దొరకలేదు. "గ్రబ్ రెస్క్యూ>" అంటే గ్రబ్‌లో మొదటి ముక్క లేచింది గానీ మిగతా మాడ్యూళ్లున్న ఫోల్డర్ దొరకలేదు. ఉత్త "గ్రబ్>" అంటే గ్రబ్ మొత్తం లేచింది, మెనూ ఫైలే కనబడలేదు. "కెర్నల్ పానిక్" అంటూ చివర "అన్‌నోన్-బ్లాక్(0,0)" ఉంటే చాలామటుకు కెర్నల్‌తో పాటు రావలసిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ రాలేదు. "(ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్)" అని గానీ, రెడ్‌హ్యాట్ కుటుంబంలో "డ్రాకట్:/#" అని గానీ ఆగితే కెర్నల్ బాగానే ఉంది, రూట్ దొరకలేదు లేదా పాడైంది. "ఎమర్జెన్సీ మోడ్" వచ్చిందంటే సంతోషించండి. రూట్ ఎక్కేసింది, గొడవంతా ఎఫ్‌ఎస్‌ట్యాబ్ దగ్గరే.

ఏది వచ్చినా ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మీట నొక్కితే పోయే లైన్లే తర్వాత కావాల్సొస్తాయి.

పెన్‌డ్రైవ్ వెతకబోయే ముందు

మెనూ వస్తోందంటే "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయిన కేసులు సగం ఇక్కడే తేలిపోతాయి. మెనూ కనిపించకపోతే పాత బయోస్ అయితే షిఫ్ట్ పట్టుకోండి, యూఈఎఫ్‌ఐ అయితే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. కంగారులో నాలుగైదు సార్లు నొక్కితే "గ్రబ్>" లోకి పడిపోతుంది. అప్పుడు "నార్మల్" అని కొట్టి ఎంటర్ చేస్తే మెనూ మళ్లీ వస్తుంది.

రెండోది, బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి తేదీ చూడండి. ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ పోతే తేదీ ఒక్కటే పోదు, మీరు పెట్టిన సెట్టింగులూ పోవచ్చు. ఏహెచ్‌సీఐలో ఉన్న సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే తీరు) రెయిడ్‌కి మారితే కొన్ని ల్యాప్‌టాపుల్లో లైనక్స్‌కి డిస్కే కనబడదు. యూఈఎఫ్‌ఐ కాస్తా లెగసీకి (పాత బయోస్ పద్ధతి) మారితే గ్రబ్ దొరకదు. డిస్క్ బంగారంలా ఉంటుంది, లోపం పావలా బిళ్లంత బ్యాటరీది.

మూడోది, డిస్క్ పేరు బయోస్‌లోనే లేకపోతే పెట్టె విప్పి సాటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ తీసి పెట్టండి. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులు నల్లబడతాయి. గ్రానైట్ యార్డుల్లో అయితే దుమ్ము.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో లోపలికి వెళ్లడం

డెబియన్ లైవ్, ఉబుంటు, సిస్టమ్‌రెస్క్యూ ఏదైనా సరే. నెట్ లేని చోటికి వెళ్తుంటే సిస్టమ్‌రెస్క్యూ మేలు, ఎల్‌వీఎం పనిముట్లన్నీ అందులోనే ఉంటాయి. సిస్టమ్ ఏ మోడ్‌లో వేశారో పెన్‌డ్రైవ్‌నీ అదే మోడ్‌లో లేపాలి. లేచాక

ఎల్‌ఎస్ /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ

కొడితే ఫైళ్లు కనిపిస్తే యూఈఎఫ్‌ఐ, లేదంటే లెగసీ. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్నదాన్ని పట్టుకోండి. మోడ్ తప్పితే ఎంత బాగా చేసినా గ్రబ్ తప్పు చోట కూర్చుంటుంది.

తర్వాత "ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" కొట్టి డిస్కుల పటం చూడండి. ఎస్‌డీఏ3 పక్కన ఎల్‌వీఎం2_మెంబర్ అని ఉండాలి. అలాగే "డీమెసేజ్" (కొట్టేది డీఎంఈఎస్‌జీ) లో ఐ/ఓ ఎర్రర్ లైన్లు వరసగా కనిపిస్తే ఇక్కడే ఆగండి. అది పోతున్న డిస్క్. దాని మీద ఏ రిపేరూ చేయకుండా అంతకంటే పెద్ద డిస్క్ తెచ్చి డీడీరెస్క్యూతో ముందు నకలు తీసి, పని నకలు మీద చేయండి.

డిస్క్ శుభ్రంగా ఉంటే గ్రూప్‌ని లేపండి:

వీజీస్కాన్
వీజీచేంజ్ -ఏవై
ఎల్‌వీఎస్

ఎల్‌వీఎస్‌లో రూట్ కనిపిస్తే సగం పని అయినట్టే. ఇక వరసగా మౌంట్ చేసి, చివర సీహెచ్‌రూట్‌తో (డిస్క్ మీది సిస్టమ్‌లోకి అడుగుపెట్టే ఆజ్ఞ) లోపలికి వెళ్లాలి. ఈ వరస మారకూడదు. రూట్ ముందు, దాని లోపల బూట్, దాని లోపల ఈఎఫ్‌ఐ:

మౌంట్ /డెవ్/మ్యాపర్/ఒంగోల్--వీజీ-రూట్ /ఎంఎన్‌టీ
మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ2 /ఎంఎన్‌టీ/బూట్
మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ1 /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్‌ఐ
మౌంట్ --బైండ్ /డెవ్ /ఎంఎన్‌టీ/డెవ్
మౌంట్ --బైండ్ /ప్రాక్ /ఎంఎన్‌టీ/ప్రాక్
మౌంట్ --బైండ్ /సిస్ /ఎంఎన్‌టీ/సిస్
మౌంట్ --బైండ్ /రన్ /ఎంఎన్‌టీ/రన్
సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ

బూట్ పార్టిషన్ మౌంట్ చేయడం మర్చిపోయి గ్రబ్ వేసేవాళ్లే ఎక్కువ. అప్పుడు ఏమవుతుందంటే, ఫైళ్లన్నీ రూట్ లోపలి ఖాళీ బూట్ ఫోల్డర్‌లోకి పోతాయి, ఎక్కడా ఎర్రర్ రాదు, రీబూట్ చేస్తే పాత కథే. రన్ ఫోల్డర్‌ని బైండ్ చేయకపోతే ఇంకో రకం తంటా: గ్రబ్ ఆజ్ఞ కొట్టగానే "నాట్ ఇనిషియలైజ్డ్ ఇన్ యూడెవ్ డేటాబేస్" అంటూ ఒక్కో డివైస్‌కి 10000000 మైక్రోసెకన్లు, అంటే పది సెకన్లు, ఎదురు చూస్తూ పాకుతుంది. హ్యాంగ్ అయిందనుకుని కంట్రోల్-సీ కొట్టేస్తారు. బయటికొచ్చి రన్ బైండ్ చేస్తే చాలు.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే వీజీస్కాన్‌కి ముందు "క్రిప్ట్‌సెటప్ ఓపెన్" తో తాళం తీయాలి. తీసేటప్పుడు ఇచ్చే పేరు సిస్టమ్‌లోని క్రిప్ట్‌ట్యాబ్ ఫైల్లో ఉన్న పేరే కావాలి, మామూలుగా ఎస్‌డీఏ3_క్రిప్ట్. వేరే పేరిస్తే ఇప్పుడు అన్నీ తెరుచుకుంటాయి గానీ, కొత్తగా కట్టే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోకి తాళం తీసే సరంజామా ఎక్కకపోవచ్చు.

గ్రబ్ మళ్లీ వేయడం

యూఈఎఫ్‌ఐ అయితే సీహెచ్‌రూట్ లోపల:

మౌంట్ -టీ ఈఎఫ్‌ఐవార్‌ఎఫ్‌ఎస్ ఈఎఫ్‌ఐవార్‌ఎఫ్‌ఎస్ /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ/ఈఎఫ్‌ఐవార్స్
గ్రబ్-ఇన్‌స్టాల్ --టార్గెట్=ఎక్స్86_64-ఈఎఫ్‌ఐ --ఈఎఫ్‌ఐ-డైరెక్టరీ=/బూట్/ఈఎఫ్‌ఐ
అప్‌డేట్-గ్రబ్

"మాడ్‌ఇన్ఫో.ఎస్‌హెచ్ లేదు" అని వస్తే సిస్టమ్‌లో లెగసీ గ్రబ్ ప్యాకేజీ, గ్రబ్-పీసీ, ఉందన్నమాట. గ్రబ్-ఈఎఫ్‌ఐ-ఏఎమ్‌డీ64 ప్యాకేజీ వేసి మళ్లీ కొట్టండి.

లెగసీ బయోస్ అయితే డిస్క్ పేరివ్వాలి, పార్టిషన్ అంకె పెట్టకూడదు: "గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ". ఇక్కడ రెండు ఎర్రర్లు తరచూ ఎదురవుతాయి. "బయోస్ బూట్ పార్టిషన్ లేదు" అంటే జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ టేబుల్) డిస్క్ మీద గ్రబ్ రెండో ముక్కకి చోటు లేదు. 1 ఎంబీ చిన్న పార్టిషన్ కట్టి దానికి బయోస్ బూట్ అని రకం పెట్టాలి, ఫార్మాట్ చేయక్కర్లేదు. "కోర్.ఐఎంజీ అన్‌యూజువల్లీ లార్జ్" అంటే పాతకాలం డిస్క్: మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ నుంచే మొదలై ఉంటుంది, ముందున్న ఖాళీ 32 కేబీ లోపే. ఎల్‌వీఎం చదివే మాడ్యూల్ చేరాక గ్రబ్ ఆ సందులో పట్టదు. ఇప్పుడు వేసే డిస్కులు 2048వ సెక్టార్ నుంచి మొదలవుతాయి కాబట్టి ఈ బాధ లేదు.

రెడ్‌హ్యాట్, అల్మా, రాకీ వాడేవాళ్లు యూఈఎఫ్‌ఐ మీద గ్రబ్2-ఇన్‌స్టాల్ కొట్టొద్దు. సెక్యూర్ బూట్‌కి (సంతకం ఉన్నవాటినే లేవనిచ్చే ఫర్మ్‌వేర్ కాపలా) సంతకం ఉన్న గ్రబ్ ఫైల్ పోయి సంతకం లేనిది కూర్చుంటుంది. బదులుగా ప్యాకేజీలనే తిరిగి వేయండి: "డీఎన్‌ఎఫ్ రీఇన్‌స్టాల్ షిమ్-ఎక్స్64 గ్రబ్2-ఈఎఫ్‌ఐ-ఎక్స్64".

గ్రబ్ బాగానే ఉండి, పక్కనున్న విండోస్ అప్‌డేట్ తర్వాత నేరుగా విండోస్‌లోకి పోతుంటే అసలు గ్రబ్ జోలికే వెళ్లక్కర్లేదు. "ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్" అని కొట్టి వరస చూడండి. డెబియన్ 0003, విండోస్ 0000 అని ఉంటే "ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ -ఓ 0003,0000" అని దాన్ని ముందుకు తెస్తే సరి. కొన్ని మదర్‌బోర్డులు ఈ వరసని ఎంత చెప్పినా మర్చిపోతుంటాయి. అలాంటి మొండిఘటాలకి గ్రబ్-ఇన్‌స్టాల్ చివర "--రిమూవబుల్" కలిపితే, ఏ ఫర్మ్‌వేర్ అయినా తప్పక వెతికే బూట్ఎక్స్64 అనే పేరుతో నకలు పెడుతుంది.

"గ్రబ్>" దగ్గర చేత్తో లేపడం

పెన్‌డ్రైవ్ లేని చోట ఇది తెలిసుంటే ప్రాణం నిలుస్తుంది. "ఎల్‌ఎస్" కొట్టండి. (హెచ్‌డీ0,జీపీటీ1), (హెచ్‌డీ0,జీపీటీ2) లాంటివి, ఎల్‌వీఎం మాడ్యూల్ ఎక్కి ఉంటే (ఎల్‌వీఎం/ఒంగోల్--వీజీ-రూట్) కూడా కనిపిస్తాయి. ఎల్‌వీఎం లైన్ లేకపోతే "ఇన్స్‌మాడ్ ఎల్‌వీఎం" కొట్టి మళ్లీ ఎల్‌ఎస్ చూడండి. ఒక్కోదాని లోపల ఏముందో "ఎల్‌ఎస్ (హెచ్‌డీ0,జీపీటీ2)/" అని చూడొచ్చు. వీఎమ్‌లినజ్ పేరున్న ఫైళ్లు కనిపించిందే బూట్ పార్టిషన్. అప్పుడు:

సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ2)
లైనక్స్ /వీఎమ్‌లినజ్-… రూట్=/డెవ్/మ్యాపర్/ఒంగోల్--వీజీ-రూట్ ఆర్‌ఓ
ఇనిట్‌ఆర్‌డీ /ఇనిట్‌ఆర్‌డీ.ఐఎంజీ-…
బూట్

చుక్కలు పెట్టిన చోట ట్యాబ్ మీట నొక్కితే గ్రబ్బే వెర్షన్ పూర్తి చేస్తుంది. రెండు లైన్లలోనూ వెర్షన్ ఒకటే ఉండాలి. బూట్ వేరే పార్టిషన్ కాబట్టి దారి ముందు /బూట్ రాయకూడదు. రూట్ లోపలే బూట్ ఉన్న సిస్టమ్‌లో మాత్రం రాయాలి. పైన "సెట్ రూట్" లోని రూట్ గ్రబ్‌ది, రెండో లైన్లో రూట్ కెర్నల్‌ది. రెండూ ఒకటనుకోవడం వల్ల జరిగే తప్పులు ఇన్నీ అన్నీ కావు.

"గ్రబ్ రెస్క్యూ>" లో ఈ ఆజ్ఞలుండవు. ఎల్‌ఎస్, సెట్, అన్‌సెట్, ఇన్స్‌మాడ్, ఈ నాలుగే. అక్కడ ముందు మాడ్యూళ్ల దారి చూపాలి:

సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,జీపీటీ2)/గ్రబ్
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

ఇలా లేపింది ఆ ఒక్కసారికే. లోపలికి వెళ్లగానే గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ రెండూ కొట్టాలి.

బూట్ పార్టిషన్ కొత్తగా ఫార్మాట్ చేశాక "గ్రబ్>" వస్తోందంటే కారణం ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని డెబియన్ ఫోల్డర్‌లో ఉంటుంది. అక్కడున్న గ్రబ్.సీఎఫ్‌జీ మూడంటే మూడే లైన్లు: ఫలానా యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఉన్న పార్టిషన్ వెతుకు, దారి పెట్టుకో, అక్కడి అసలు మెనూ చదువు. ఫార్మాట్‌తో యూయూఐడీ మారిపోయింది, ఈ ఫైల్ ఇంకా పాతదాన్నే వెతుకుతోంది. గ్రబ్-ఇన్‌స్టాల్ కొడితే ఇదే కొత్తగా రాస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాత యూయూఐడీ మాత్రం మీరే మార్చాలి.

"(ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్)" దగ్గర ఆగితే

మన వైపు ఎక్కువగా కనిపించేది ఇదే. నిదానంగా చూడాలి, ఎందుకంటే ఒకే ప్రాంప్ట్ వెనక నాలుగైదు రోగాలుంటాయి.

పై లైన్లలో "అన్ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ, రన్ ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్లీ" అని ఉంటే వాల్యూమ్ లేచింది, ఫైల్‌సిస్టమ్ నలిగింది. కరెంటు కోత కేసు. ఇక్కడికిక్కడే

ఎఫ్‌ఎస్‌సీకే -వై /డెవ్/మ్యాపర్/ఒంగోల్--వీజీ-రూట్

కొట్టి, అయ్యాక "ఎగ్జిట్". మౌంట్ అయి ఉన్న ఫైల్‌సిస్టమ్ మీద మాత్రం ఎఫ్‌ఎస్‌సీకే నడపకూడదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ (ఇంకో రకం ఫైల్‌సిస్టమ్) అయితే పని ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్‌ది. లాగ్ మిగిలి ఉందని అది మొరాయిస్తే లైవ్‌లో ఒకసారి మౌంట్ చేసి తీసేయండి, లాగ్ తనంతట తనే సర్దుకుంటుంది. -ఎల్ (ఇక్కడ పెద్దక్షరం) పెట్టి లాగ్‌ని చెరిపేయడం ఆఖరి మార్గం, కోత ముందు రాసిన చివరి ఫైళ్లు దాంతో పోవచ్చు.

"ఒంగోల్--వీజీ-రూట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని ఉంటే ముందు "క్యాట్ /ప్రాక్/సీఎమ్‌డీలైన్" కొట్టి రూట్= తర్వాత ఉన్న పేరు చదవండి. అక్షరం అక్షరం. ఎవరో వీజీరీనేమ్‌తో గ్రూప్ పేరు మార్చి ఉంటే ఇక్కడ పాత పేరే ఉంటుంది. పేరు సరిగ్గానే ఉంటే:

ఎల్‌వీఎం వీజీచేంజ్ -ఏవై

కొట్టండి. జవాబుని బట్టి దారి చీలుతుంది.

చేత్తో కొడితే లేచి, "ఎగ్జిట్" తర్వాత సిస్టమ్ మామూలుగా వచ్చిందా? డిస్క్ ఆలస్యంగా కనబడుతోంది. యూఎస్‌బీ డిస్కులు, పాత రెయిడ్ కార్డులు ఇలా చేస్తాయి. /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్లో కెర్నల్ లైన్‌కి "రూట్‌డిలే=10" కలిపి అప్‌డేట్-గ్రబ్ కొట్టండి.

"ఎల్‌వీఎం: నాట్ ఫౌండ్" అందా? ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లోపల ఎల్‌వీఎం పనిముట్టే లేదు. ఆటోరిమూవ్‌లో (అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే ఆజ్ఞ) ఎల్‌వీఎం2 ప్యాకేజీ కొట్టుకుపోయి ఉంటుంది. లైవ్ నుంచి సీహెచ్‌రూట్ అయి ఆ ప్యాకేజీ వేసి

అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్

కొట్టాలి. నిజంగా ఎక్కిందో లేదో "ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్" తో ఆ ఫైల్ లోపల ఎల్‌వీఎం అనే పేరు వెతికి చూసుకోండి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో దీనికి సమానం "డ్రాకట్ -ఎఫ్ --రీజెనరేట్-ఆల్". అక్కడ ఉత్త "డ్రాకట్ -ఎఫ్" కొడితే నడుస్తున్న కెర్నల్‌కి, అంటే లైవ్ పెన్‌డ్రైవ్ కెర్నల్‌కి, కట్టబోతుంది. మీ సిస్టమ్‌కి ఒరిగేదేమీ ఉండదు.

గ్రూప్ అసలు కనిపించలేదా? "బీఎల్‌కేఐడీ" కొట్టండి. డిస్కులే లేకపోతే డ్రైవర్ గొడవ లేదా ఇందాకటి సాటా మోడ్. కాలిపోయిన మదర్‌బోర్డు మార్చి డిస్క్ అలాగే తగిలించినప్పుడు రెడ్‌హ్యాట్ కుటుంబం ఇలా చేస్తుంది, ఎందుకంటే డ్రాకట్ పాత బోర్డుకి అవసరమైన డ్రైవర్లు మాత్రమే మూటగట్టుకుంటుంది. మెనూలో రెస్క్యూ అని ఉండే ఎంట్రీలో అన్ని డ్రైవర్లూ ఉంటాయి. దాంతో లేచి, డ్రాకట్ మళ్లీ కట్టండి.

పాత హార్డ్‌డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి నకలు తీశాక

ఇది విడిగా చెప్పుకోవాలి, షాపుల్లో ఇప్పుడు రోజూ జరిగే పని. డీడీ ఆజ్ఞతోనో క్లోన్ పెట్టెతోనో నకలు తీసి, పాత డిస్క్ కూడా లోపలే ఉంచేస్తారు. రెండు డిస్కుల మీదా ఒకే ఫిజికల్ వాల్యూమ్ యూయూఐడీ ఉంటుంది. ఏది అసలో ఎల్‌వీఎంకి తెలియదు. డూప్లికేట్ పీవీ అని హెచ్చరించి గ్రూప్‌ని లేపడానికి నిరాకరిస్తుంది, ఒక్కోసారి పాత డిస్క్‌నే లేపుతుంది. అప్పుడు నెల రోజుల బిల్లులు ఏ డిస్క్ మీద పడ్డాయో వెతుక్కోవాలి. నకలు పూర్తవగానే పాతదాని కేబుల్ పీకేయండి. రెండూ ఒకేచోట ఉండాల్సిందేనంటే ఒకదానికి "వీజీఇంపోర్ట్‌క్లోన్" తో కొత్త గుర్తింపు ఇవ్వండి.

రెడ్‌హ్యాట్ 9, అల్మా 9, రాకీ 9 లో పాతది పీకేసినా గ్రూప్ కనబడకపోవచ్చు. /ఈటీసీ/ఎల్‌వీఎం/డివైసెస్/సిస్టమ్.డివైసెస్ ఫైల్లో ఏ డిస్కుల్ని చూడాలో రాసి ఉంటుంది. అక్కడ రాసున్నది పాత డిస్క్ సీరియల్ లాంటి గుర్తింపు. కొత్త ఎస్‌ఎస్‌డీ ఆ లిస్టులో లేదు, కాబట్టి ఎల్‌వీఎం దాని వైపు కన్నెత్తి చూడదు. సీహెచ్‌రూట్ అయి "ఎల్‌వీఎండివైసెస్ --యాడ్‌డెవ్ /డెవ్/ఎస్‌డీఏ3" కొట్టి డ్రాకట్ మళ్లీ కట్టాలి.

ఎల్‌వీఎం గుర్తులే చెరిగిపోతే

విండోస్‌లో "డిస్క్ ఇనిషియలైజ్ చేయమంటారా" అని అడిగితే ఎవరో ఓకే నొక్కుతారు. పార్టిషన్ టేబుల్ పోతుంది. జీపీటీ అయితే దాని నకలు డిస్క్ చివర ఇంకోటి ఉంటుంది. అదీ చెరిగిపోకపోతే జీడిస్క్‌లో రికవరీ మెనూ నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు.

పార్టిషన్ ఉండి ఫిజికల్ వాల్యూమ్ గుర్తు పోతే కావలసింది ఎల్‌వీఎం రాసుకున్న పద్దు. ప్రతి మార్పుకీ /ఈటీసీ/ఎల్‌వీఎం/బ్యాకప్, /ఈటీసీ/ఎల్‌వీఎం/ఆర్కైవ్ లో అది నకలు పెడుతుంది. చిక్కల్లా ఆ ఫోల్డర్ ఉన్నది లేవని రూట్ వాల్యూమ్ లోపలే. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు. అయితే మామూలు సెట్టింగుల్లో అదే పద్దు ఫిజికల్ వాల్యూమ్ మొదటి 1 ఎంబీలో ఉత్త అక్షరాల్లోనే ఉంటుంది. డీడీతో ఆ 1 ఎంబీ తీసి స్ట్రింగ్స్ ఆజ్ఞకి ఇస్తే గ్రూప్ పేరు, యూయూఐడీలు, ఏ వాల్యూమ్ ఎక్కడ మొదలవుతుందో కళ్లకి కడుతుంది. ఒక్కోసారి పాత పద్దులు నాలుగైదు వరసగా ఉంటాయి. సీక్‌నో అంకె పెద్దది తాజాది. దాన్ని ఫైల్‌గా దించుకుని

పీవీక్రియేట్ --యూయూఐడీ పాత-యూయూఐడీ --రిస్టోర్‌ఫైల్ ఫైల్‌పేరు /డెవ్/ఎస్‌డీఏ3
వీజీసీఎఫ్‌జీరిస్టోర్ -ఎఫ్ ఫైల్‌పేరు ఒంగోల్-వీజీ

కొడితే గుర్తులు తిరిగొస్తాయి. ఇవి పద్దునే రాస్తాయి, లోపలి డేటాని ముట్టవు. అయినా ముందు డిస్క్ నకలు తీయకుండా ఈ రెండు లైన్లు కొట్టకండి. రిస్టోర్‌ఫైల్ లేకుండా ఉత్త పీవీక్రియేట్ అసలే వద్దు. గ్రూప్‌లో ఒక డిస్క్ దొరకనప్పుడు నెట్‌లో ఎక్కడో చూసి "వీజీరెడ్యూస్ --రిమూవ్‌మిస్సింగ్" కొట్టడం కూడా అంతే. దానికి --ఫోర్స్ కలిపితే ఆ డిస్క్ మీద ముక్క ఉన్న వాల్యూమ్‌లన్నీ పద్దులోంచి పోతాయి. కేబుల్ వదులైన డిస్క్‌కి మరణ ధ్రువపత్రం రాసినట్టు.

ఎమర్జెన్సీ మోడ్

"ఏ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని 90 సెకన్లు లెక్కపెట్టి ఇందులో పడిందంటే, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసిన డిస్క్ ఏదో రాలేదు. బ్యాకప్ కోసం తగిలించిన యూఎస్‌బీ డిస్క్ ఇంటికి తీసుకెళ్లారేమో చూడండి. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి "జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌బీ" లో ఎర్ర లైన్లు చూస్తే ఏదో తెలుస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ లైన్ ఆప్షన్లకి "నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10ఎస్" కలిపితే అది లేకపోయినా సిస్టమ్ లేస్తుంది. రూట్ ఖాతాకి తాళం పడి ఉందని తోసేస్తే (ఉబుంటులో మామూలే) గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ "ఈ" అక్షరం ఉన్న మీట నొక్కి, లైనక్స్ లైన్ చివర "ఇనిట్=/బిన్/బాష్" చేర్చి కంట్రోల్-ఎక్స్. లోపల "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /" కొట్టాకే ఫైల్ మార్చగలరు.

బూట్ పార్టిషన్ నిండిపోతే

కెర్నల్ పానిక్ చాలావాటికి మూలం ఇదే. "డీఎఫ్ -హెచ్ /బూట్" 100 శాతం చూపిస్తే కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సగంలో తెగిపోయి ఉంటుంది. పాత కెర్నల్‌తో లేచి "ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్" కొట్టండి. చోటు లేక ఏపీటీ కూడా మొరాయిస్తే, నడుస్తున్న కెర్నల్ ఏదో "యూనేమ్ -ఆర్" తో చూసుకుని, దానిది కాని పాత ఇనిట్‌ఆర్‌డీ (అంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్) ఫైల్ ఒక్కటి చేత్తో తీసేయండి. ఆ జాగాతో ఏపీటీ ముందుకు పోతుంది. ఈ పార్టిషన్ ఎల్‌వీఎం బయట ఉంది కాబట్టి ఎల్‌వీఎక్స్‌టెండ్‌తో పెంచలేరు. కొత్తగా వేసేటప్పుడే 1 నుంచి 2 జీబీ ఇవ్వండి. బూట్‌ని ఎల్‌వీఎం లోపలే పెట్టుకునే ఆలోచన ఉంటే థిన్ పూల్‌లో (వాడినంత చోటే తీసుకునే ఎల్‌వీఎం తరహా) మాత్రం పెట్టొద్దు, గ్రబ్ దాన్ని చదవలేదు. మామూలు వాల్యూమ్‌లో పెడితే చదువుతుంది గానీ రాయలేదు. "డిస్క్‌ఫిల్టర్ రైట్స్ ఆర్ నాట్ సపోర్టెడ్" అని ఆగి మీట నొక్కమనేది అందుకే. గ్రబ్_సేవ్‌డీఫాల్ట్ తీసేస్తే చాలామటుకు ఆ మాట ఆగిపోతుంది.

బయటికి రావడం

"ఎగ్జిట్", "యూమౌంట్ -ఆర్ /ఎంఎన్‌టీ" (ఇక్కడ ఆర్ పెద్దక్షరం; ఆజ్ఞ పేరులో మొదటి యూ పక్కన ఎన్ ఉండదు), "వీజీచేంజ్ -ఏఎన్", రీబూట్. లేచాక ఒకసారి మామూలుగా రీస్టార్ట్ చేయండి. ఇంకోసారి షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, రెండు నిమిషాలాగి పెట్టండి. బటన్ బ్యాటరీ లోపం ఉంటే ఈ రెండోసారే బయటపడుతుంది.

అది కూడా దాటితే "వీజీసీఎఫ్‌జీబ్యాకప్" కొట్టి, /ఈటీసీ/ఎల్‌వీఎం ఫోల్డర్ మొత్తం, "ఎస్‌ఎఫ్‌డిస్క్ -డీ /డెవ్/ఎస్‌డీఏ" ఇచ్చే పార్టిషన్ పటం, ఎఫ్‌ఎస్‌ట్యాబ్, "ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ -వీ" జవాబు, ఈ నాలుగూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేయండి. అన్నీ కలిపి ఒక్క ఎంబీ కూడా మామూలుగా దాటవు. పెన్‌డ్రైవ్‌కి సిస్టమ్ పేరు రాసిన చీటీ అంటించి, ఆ పెట్టెలో కాకుండా బిల్లు పుస్తకాలుండే సొరుగులో పెట్టండి.